బరంపురంలో కేటలిస్టుల మీద పీహెచ్‌డీకి చేరుతున్న కోడలుపిల్లకి

కోడలుపిల్లా,

బరంపురంలో సీటొచ్చిందని, పీఎల్ఏ (పాలీలాక్టిక్ ఆసిడ్) ప్లాస్టిక్ కోసం కొత్త జింక్ కేటలిస్టులు, అంటే రియాక్షన్‌ని నడిపించే పదార్థాలు, చెయ్యాలట అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. పర్లాకిమిడి వచ్చినప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం అనుకున్నాను గానీ, నువ్వు చేరేది సరిగ్గా వానల్లో, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

లిగాండ్లు (జింక్‌ని పట్టుకునే అణువులు) గియ్యడం, క్రిస్టల్ స్ట్రక్చర్ తీయించుకోవడం తర్వాత సంగతి. ముందు లాక్టైడ్, అదే పీఎల్ఏ గొలుసు కట్టే ముడిసరుకు, శుభ్రం చెయ్యడం నేర్చుకో. ఎండబెట్టిన టోలీన్‌లో రీక్రిస్టలైజ్ చెయ్యి, ఆ తర్వాత వాక్యూమ్‌లో సబ్లిమేషన్ (కరగకుండానే ఆవిరై మళ్ళీ గట్టిపడేలా) చెయ్యి, బద్ధకించకు. లెక్క నువ్వే చూడు: 14.4 గ్రాముల లాక్టైడ్ అంటే 100 మిల్లీమోల్స్. గొలుసులు మొదలుపెట్టడానికి 0.1 మిల్లీమోల్ ఆల్కహాల్ వేసి, వెయ్యి యూనిట్ల గొలుసు, అంటే 1,44,000 అణుభారం వస్తుందని కూర్చుంటావు. అందులో ఎక్కడో 1.8 మిల్లీగ్రాముల నీరుందనుకో, అదీ 0.1 మిల్లీమోలే, అదీ గొలుసులు మొదలుపెట్టేస్తుంది, నీ అణుభారం సగానికి పడి 72,000 అవుతుంది. పైగా ఆ నీరే జింక్ కాంప్లెక్స్‌ని, అంటే నీ కేటలిస్టుని కూడా పాడుచేస్తుంది. అప్పుడు తిట్లన్నీ కేటలిస్టుకే.

గోపాల్‌పూర్ గాలి తగిలే ఊరు అది, ఆషాఢం, శ్రావణం నెలల్లో బట్టలే ఆరవు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మూత వెంటనే తియ్యకు, గది వేడికి వచ్చేదాకా ఆగు, లేకపోతే చల్లటి పొడి మీద గాలిలోని తేమంతా చేరుతుంది. గాజు సామానంతా రాత్రే ఓవెన్‌లో పెట్టి, వేడిగా ఉండగానే వాక్యూమ్ పెట్టు.

కరెంటు సంగతి కూడా. తుఫాను రోజుల్లో చెప్పాపెట్టకుండా పోతుంది. వాక్యూమ్ పంపు ఆగితే దాని నూనె వెనక్కి లైన్లోకి లాగుతుంది కాబట్టి ముందు లైన్ ట్యాప్ మూసి, తర్వాత పంపులోకి గాలి వదలాలి. లిక్విడ్ నైట్రోజన్ ట్రాప్ (ఆవిర్లు పంపులోకి పోకుండా చల్లబరిచి పట్టే గొట్టం) ఉండగా లైన్లోకి గాలి లాగనివ్వకు. ట్రాప్‌లో లేత నీలం ద్రవం కనిపిస్తే అది లిక్విడ్ ఆక్సిజన్, ముట్టుకోకుండా అందరినీ బయటికి పంపి సీనియర్‌ని పిలు. జింక్ కాంప్లెక్స్‌లు చెయ్యడానికి వాడే డైఇథైల్ జింక్ గాలి తగిలితే అంటుకుంటుంది, రాత్రి ఒంటరిగా దాని జోలికి వెళ్ళకు. ఇందులో మొహమాటం వద్దు, మీ గైడ్ తొందరపెట్టినా సరే.

నీ కేటలిస్ట్ ఎంత గొప్పదైనా పక్కన టిన్ ఆక్టోయేట్ అనే పాత కేటలిస్టుతో ఒక రియాక్షన్ పెట్టు. ఫ్యాక్టరీల్లో నడిచేది అదే, దాన్ని దేంట్లో దాటావో చెప్పలేకపోతే పేపర్ చదివినవాళ్ళు అడుగుతారు. వేగమే గొప్ప అనుకోకు. అల్యూమినియం సాలెన్‌లనే కేటలిస్టులు నత్తనడక నడుస్తాయి గానీ, ఎల్, డి (ఒకదానికొకటి అద్దంలో బింబాల్లాంటివి) రెండూ కలిసిన లాక్టైడ్‌ని గుర్తుపట్టి ఎల్‌లని ఎల్‌లతో, డిలని డిలతో కలుపుతాయి. ఆ రెండు రకాల గొలుసులూ జతకడితే మెల్టింగ్ పాయింట్ 220 డిగ్రీలు దాటుతుంది, మామూలు పీఎల్ఏది 175 దగ్గరే. ఓపిక ఉన్నవాళ్ళకి అక్కడ పని బోలెడు.

తీసిన ప్రతి శాంపిల్‌లో బెంజోయిక్ ఆసిడ్ వేసి రియాక్షన్ ఆపు, లేకపోతే ఎన్ఎంఆర్ (అణువు నిర్మాణం చూసే పరీక్ష) ట్యూబ్‌లో కూడా సాగుతూనే ఉంటుంది. మాల్డీలో (గొలుసుల బరువు కొలిచే పరీక్షలో) పీక్‌ల మధ్య తేడా లాక్టైడ్ బరువైన 144 కాకుండా అందులో సగం 72 వస్తుంటే గొలుసులు ఒకదాన్నొకటి కోసుకుని అతుక్కుంటున్నాయని అర్థం. పాలిమర్‌లో కేటలిస్ట్ మిగిలితే, తర్వాత వేడిచేసి అచ్చు పోసేటప్పుడు అదే గొలుసుని విప్పి మళ్ళీ లాక్టైడ్ చేస్తుంది. కాబట్టి ఎలా తీసేస్తావో, ఎలా చంపుతావో ముందే ఆలోచించు. అదే గుణాన్ని రీసైక్లింగ్‌కి వాడుకునేవాళ్ళూ ఉన్నారు, జింక్‌తో మెథనాల్‌లో పీఎల్ఏని విరగ్గొట్టి మిథైల్ లాక్టేట్ తీస్తారు. నన్నడిగితే నీ థీసిస్‌లో అదొక చాప్టర్ పెట్టుకో.

ఇంకోటి, ఊళ్ళో ఎవరైనా అడిగితే "మట్టిలో కలిసిపోతుంది" అని నోరు జారకు. మన అడ్డాకు విస్తరి పెరట్లో పారేస్తే పోతుంది, పీఎల్ఏ కప్పు పోదు. దానికి 58, 60 డిగ్రీల వేడి, తేమ, సూక్ష్మజీవులు ఉన్న కంపోస్ట్ ప్లాంటు కావాలి.

మొదటి జీపీసీ (గొలుసుల్ని సైజు ప్రకారం విడదీసి చూపే పరీక్ష) గ్రాఫ్ రాగానే వాట్సాప్‌లో పెట్టు. రెండు బంపులొచ్చాయని సిగ్గుపడి దాచుకోకు, ఎక్కువ సార్లు అది నీటి పనే.

మీ మావయ్య