ఎటువైపు నుంచి చూస్తే?

కావలి,
ఆదివారం సాయంత్రం

నాయనా,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. పదో తరగతి పిల్లల కోసం లెంజ్ నియమం మీద తెలుగులో రాయాలని ఒంగోల్లో ఒక కుర్రాడు కూర్చున్నాడంటే నాకెంత సంతోషమో చెప్పలేను. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను.

మొదటి పేరాలోనే నియమం చెప్పేశావు: ‘ప్రేరిత విద్యుత్ ప్రవాహం తనకు కారణమైన మార్పును వ్యతిరేకించే దిశలో ఉంటుంది.’ వాక్యంలో తప్పు లేదు. కానీ పాఠ్యపుస్తకంలో ఆ వాక్యమే చదివి, అర్థం కాకనే కదా పిల్లవాడు నీ దగ్గరికి వచ్చింది! మళ్లీ అదే వాక్యం చేతిలో పెట్టి పంపిస్తే వాడెక్కడికి పోతాడు?

నువ్వు ముందు ఒక పని చెయ్యి. ఏసీ మెకానిక్ దగ్గర రెండడుగుల రాగి గొట్టం ముక్క అడుగు. అందులో కాస్త వదులుగా పట్టే నియోడిమియం బిళ్లలు (గట్టి అయస్కాంతాలు) నాలుగైదు కొని, ఒకదాని మీద ఒకటి అతికించు. గొట్టాన్ని నిలువుగా పట్టుకుని పై నుంచి వదులు. రాయి వేస్తే అర సెకను కూడా పట్టదు. ఈ బిళ్లల దొంతర రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది, తేనెలో దిగుతున్నట్టు. రాగికి అయస్కాంతం అంటుకోదని పిల్లలకు తెలుసు, అయినా ఏదో ఆపుతోంది. ఇంకొకటి గమనించు. బిళ్లలు నిలకడగా దిగుతున్నంతసేపూ వాటి బరువు గొట్టం పట్టుకున్న నీ చేతికి తెలుస్తుంది. ఎక్కడా తగలకపోయినా ఆ బరువును గొట్టమే మోస్తోంది. ఇది చేతికి తెలిసినవాడికి నియమం చెప్పు, నోరు తెరుచుకుని వింటాడు.

ఇప్పుడు దిశ సంగతి. నీ వ్యాసంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ‘ఉత్తర ధ్రువాన్ని తీగచుట్ట వైపు తోస్తే కరెంటు అపసవ్యదిశలో పారుతుంది’ అని రాశావు. ఎటువైపు నుంచి చూస్తే?

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల క్రితం ఒక మాసపత్రిక పిల్లల పేజీలో అచ్చం ఇలాగే రాశాను. ఉదయగిరి వైపు పల్లెలో పనిచేసే ఒక సైన్సు మాస్టారు కార్డు రాశారు. ఆయన క్లాసులో ఇద్దరు పిల్లలు తీగచుట్టకు చెరో పక్కా నిలబడి ఒకడు సవ్యమని, ఒకడు అపసవ్యమని గట్టిగా వాదించుకున్నారట. ఇద్దరూ చూసింది నిజమే. నిలబడే చోటు చెప్పకుండా దిశ చెప్పింది నేను. నా వాక్యాన్ని నమ్మిన పిల్లవాడు తన కళ్లను అనుమానించాల్సి వచ్చింది. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది.

కాబట్టి ఇలా రాయి. అయస్కాంతం ఉన్న వైపు నిలబడి తీగచుట్టను చూస్తున్నాం. ఉత్తర ధ్రువం దగ్గరికి వస్తోంది. తీగచుట్ట దాన్ని రానివ్వకూడదు. అంటే మనవైపు ముఖం తానూ ఉత్తర ధ్రువం కావాలి. కుడిచేతి బొటనవేలిని మనవైపు చాపితే మిగతా వేళ్లు ముడుచుకునే దిశే కరెంటు దిశ, అపసవ్యం. ఇప్పుడు అయస్కాంతాన్ని వెనక్కి లాగు. ఈసారి పోనివ్వకూడదు. అదే ముఖం దక్షిణ ధ్రువం అవుతుంది, కరెంటు సవ్యదిశకు తిరుగుతుంది. వస్తుంటే వద్దంటుంది, పోతుంటే ఉండమంటుంది. దక్షిణ ధ్రువంతో చేస్తే అన్నీ తారుమారు. అది పిల్లలకే వదిలెయ్యి, వాళ్లు చేసుకోగలరు.

ఇందుకే నీ ఐదో పేరాలో ‘తీగచుట్ట అయస్కాంతాన్ని ఎదిరిస్తుంది’ అన్నమాట కొట్టేశాను. ఎదిరించేది అయస్కాంతాన్ని కాదు, మార్పును. లాగేటప్పుడు అది ఆకర్షిస్తోంది కదా. ఒంగోలు గిత్త పోలిక కూడా తీసెయ్యమంటాను. మీ ఊరి మీద అభిమానం నాకు అర్థమవుతుంది, కానీ గిత్త మొండితనం దాని ఒంట్లో ఉంటుంది, నువ్వు ముట్టకపోయినా ఉంటుంది. తీగచుట్టలో అలాంటిదేమీ లేదు. అయస్కాంతం లోపలే కదలకుండా కూర్చుంటే, చుట్టకు కలిపిన గాల్వనోమీటర్ (కరెంటు పారితే ముల్లు కదిలే పరికరం) ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. రెండింటినీ కలిపి ఒకే వేగంతో జరిపినా అంతే. ఒకదాని పరంగా ఇంకొకటి కదిలినంతసేపే కరెంటు.

ఆ ‘కదిలినంతసేపే’ అన్నది పెద్దపెద్దవాళ్లకే చిక్కలేదు. 1825లో జెనీవాలో కొలాడాన్ అనే శాస్త్రవేత్త ఇదే ప్రయోగం చేశాడు. అయస్కాంతం నేరుగా ముల్లును కదిలిస్తుందేమోనని గాల్వనోమీటర్‌ను వేరే గదిలో పెట్టాడు. అయస్కాంతాన్ని చుట్టలో పెట్టి ఆ గదికి నడిచి వెళ్లేసరికి ముల్లు ఆగిపోయి ఉండేది. ఎంతో జాగ్రత్తపరుడు, ఆ జాగ్రత్తే అడ్డుపడింది. 1831 అక్టోబర్ 17న ఫారడే అయస్కాంతాన్ని చుట్టలోకి తోసినప్పుడు ముల్లు చటుక్కున కదలడం, బయటికి లాగినప్పుడు రెండోవైపు కదలడం చూశాడు. దిశకు ఒకే నియమం చెప్పినవాడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన లెంజ్, 1834లో. నువ్వు ఈ ముగ్గురినీ తేదీలతో ఒక్క పేరాలో కుక్కేశావు. కొలాడాన్ ఆ గదికి నడిచి వెళ్లిన నాలుగడుగుల మీద కాసేపు ఆగు. పిల్లలు ఆయనతోపాటు నడుస్తారు.

నువ్వు అసలు అడగనే అడగని ప్రశ్న ఒకటుంది. వ్యతిరేకించడమే ఎందుకు? సాయం చేస్తే ఏం? అనుకుని చూడు. అయస్కాంతాన్ని వేలితో కాస్త నెట్టాం. తీగచుట్ట దాన్ని లోపలికి లాక్కుంటుంది, వేగం పెరుగుతుంది, దాంతో కరెంటు పెరుగుతుంది, ఇంకా గట్టిగా లాక్కుంటుంది. పైసా ఖర్చు లేకుండా కరెంటు! అప్పుడు కృష్ణపట్నం దగ్గర నేలటూరు విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాల్చాల్సిన పనేముంది? అక్కడ ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. జనరేటర్ లోపల తిరిగేది ఒక పెద్ద విద్యుదయస్కాంతం (రోటర్), చుట్టూ ఉన్న తీగచుట్టలు కదలవు. నిమిషానికి 3,000 చుట్లు, అంటే సెకనుకు 50. ధ్రువం వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి కరెంటు కూడా దిశ మార్చుకుంటూ ఉంటుంది. మన ఇంటికి వచ్చే 50 హెర్ట్జ్ అదే.

రాత్రిపూట మన తీరంలో రొయ్యల గుంటల మీద నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతుంటాయి చూడు. అవి ఆన్ చేసినప్పుడు జనరేటర్ల తీగచుట్టల్లో కరెంటు పెరుగుతుంది, గ్రిడ్‌కు కలిసిన రోటర్లను వెనక్కి పట్టే బలమూ పెరుగుతుంది. దాన్ని తట్టుకుని అదే వేగంతో తిప్పాలంటే ఇంకా ఆవిరి కావాలి, ఇంకా బొగ్గు కావాలి. రాగి గొట్టంలో నీ చేతికి తెలిసిన ఆ బరువే ఇది. వ్యాసం ఇక్కడికి రావాలని నా కోరిక.

భాష గురించి ఒక్కమాట. ‘అభివాహం’ (చుట్ట గుండా పోయే అయస్కాంత బలరేఖల లెక్క, ఫ్లక్స్) వాడావు, మంచిదే, పరీక్షలో అదే వస్తుంది. కానీ మూడో పేజీ దాకా రానివ్వకు. అంతవరకు కరెంటు, తీగచుట్ట, ముల్లు చాలు.

వచ్చే ఆదివారం పొద్దున ఒంగోలు వస్తున్నాను. గొట్టం, బిళ్లలు నేనే తెస్తాను. ఈలోగా రెండో బొమ్మ మళ్లీ గీసి ఉంచు. అయస్కాంతం ఉత్తర ధ్రువం కిందికి ఉండేలా గొట్టంలో పడుతోంది. దాని కింద ఒక రాగి వలయం, పైన ఒక వలయం. రెండింటిలోనూ కరెంటు బాణాలు పెట్టు, పై నుంచి చూస్తున్నట్టు. అవి ఒకే దిశలో వచ్చాయంటే ఎక్కడో పొరపాటు జరిగిందన్నమాట, మళ్లీ మొదటినుంచి చూసుకో.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు