చెరపవద్దు అని రాసి ఉన్న కాసెట్, పదిహేను రోజుల ట్రయల్

"సీడీల నుంచి ఎక్కించుకున్న సొంత పాటలు, స్ట్రీమింగ్ సేవల్లోని పాటలు ఒకేచోట కనిపించే సాఫ్ట్‌వేర్ ఇంట్లో పెట్టుకోవాలనుకుంటున్నాను. డబ్బు పెట్టి కొనవచ్చా?" అని అడిగారు. మీరు వినేవి ఇంగ్లీషు పాటలైతే కళ్లు మూసుకుని కొనండి. తెలుగు పాటలైతే, అందులోనూ పాతవైతే, మా ఇంట్లో ఏం జరిగిందో చదివాక నిర్ణయించుకోండి.

మేము డాలస్ దగ్గర ఉంటాం. మా వారికి స్పీకర్ల పిచ్చి. కొత్త స్పీకర్లు వస్తే వాటికి తగ్గ తీగలు, తీగలకు తగ్గ డబ్బా, డబ్బాకు తగ్గ సాఫ్ట్‌వేర్ వరసగా వస్తాయి. వినే పాటలు మాత్రం పెళ్లయిన నాటి నుంచీ అవే పాతిక. రెండేళ్ల క్రితం అక్టోబరులో ఆయన బాగా ఖరీదైన ఒక మ్యూజిక్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌ను ట్రయల్‌కు తీసుకున్నారు. పేరు చెప్పను. సరిగ్గా అదే వారం మా నాన్నగారు తెనాలి నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చారు.

మొదటి రెండు రోజులు అద్భుతం అనిపించింది. మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను సర్వర్ చేసి, హార్డ్‌డిస్క్‌లోని ఆరు వేల పాటలు చూపించి, కోబజ్ అనే స్ట్రీమింగ్ సేవ ఖాతా కలిపారు. టీవీ తెర మీద ఆల్బమ్ బొమ్మలు, గాయకుల జీవిత చరిత్రలు, ఎవరు ఏ వాయిద్యం వాయించారో ఆ వివరాలు. మావారు జాజ్ ఆల్బమ్ ఒకటి తెరిచి, అందులో బేస్ వాయించినాయన పేరు నొక్కితే ఆయన వాయించిన మిగతా ఆల్బమ్‌లన్నీ వచ్చాయి. సరే, పెళ్లిచూపుల్లో అందరూ బాగానే ఉంటారు.

మూడో రోజు సాయంత్రం నాన్నగారు, "పెండ్యాల పాటలు పెట్టమ్మా" అన్నారు. పేర్ల పట్టికలో ఎక్కడ ఉండాలో అక్కడ పెండ్యాల లేరు. వెతగ్గా వెతగ్గా 'రావు' దగ్గర దొరికారు. ఆ సాఫ్ట్‌వేర్ పాశ్చాత్యుల పద్ధతిలో చివరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది. మనకు ఇంటిపేరు ముందుంటుందని దానికెవరు చెప్పాలి? కాబట్టి పెండ్యాల నాగేశ్వరరావు, ఘంటసాల వెంకటేశ్వరరావు, సాలూరి రాజేశ్వరరావు, టి. చలపతిరావు, అందరూ 'రావు' కింద బారులు తీరి ఉన్నారు. నాన్నగారు కళ్లజోడు సర్దుకుని చూసి, "మద్రాసులో వేరువేరు పేటల్లో ఉన్నవాళ్లందరినీ తెచ్చి ఒకే వీధిలో కాపురం పెట్టించారే" అన్నారు.

అక్కడితో ఆగలేదు. పి. సుశీల మా ఇంట్లో నలుగురయ్యారు. ఇంగ్లీషు స్పెల్లింగులో మధ్యన 'హెచ్' ఉన్న సుశీల ఒకరు, లేని సుశీల ఒకరు, 'పి' తర్వాత చుక్క ఉన్నవారు, లేనివారు. బాలమురళీకృష్ణగారైతే 'డాక్టర్' ఉన్నప్పుడు ఒక మనిషి, లేనప్పుడు ఇంకొక మనిషి, బాలమురళికీ కృష్ణకీ మధ్య ఖాళీ ఉంటే మూడో మనిషి. హార్డ్‌డిస్క్‌లో ఉన్న గందరగోళం మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ స్ట్రీమింగ్ వైపు నుంచి వచ్చినవీ అలాగే ఉన్నాయి, పైగా వాటిని దిద్దే అధికారం మనకు లేదు. రెండు గందరగోళాలను ఒకే తెర మీద కలిపి చూపించడానికి నెలకు ఇన్ని డాలర్లని అడుగుతారు.

ఇక్కడ ఒక్క ఉపాయం మాత్రం చెబుతాను, ఇది ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పనికొస్తుంది. సినిమా పాటలను ఎక్కించినప్పుడు ఒక్క సినిమా అయిదారు ఆల్బమ్‌లుగా ముక్కలైపోతుంది, ఎందుకంటే ఒక్కొక్క పాటకు ఒక్కొక్క గాయకుడు. 'ఆల్బమ్ ఆర్టిస్ట్' అనే గడి ఒకటి ఉంటుంది. అందులో సినిమాలోని అన్ని పాటలకూ సంగీత దర్శకుడి పేరు ఒకటే రాయండి, ముక్కలన్నీ అతుక్కుంటాయి. గాయకులు 'ఆర్టిస్ట్' గడిలో, సంగీత దర్శకుడు మళ్లీ 'కంపోజర్' గడిలో, గేయ రచయిత 'లిరిసిస్ట్' గడిలో. పాట రాసినవారి పేరు దాదాపు ఎక్కడా ఉండదు, అది వేరే బాధ. మన పాటలో సగం మాటే కదా, ఆ సగానికి కర్త లేడు!

ఈ గడుల దగ్గరే నాన్నగారికి అసలు కోపం వచ్చింది. 1957 నాటి 'మాయాబజార్' పాటలు తెరిస్తే సంగీతం అన్నచోట ఘంటసాల ఒక్కరే ఉన్నారు. "నాలుగు పాటల వరసలు సాలూరివారివి. ఆయన మధ్యలో తప్పుకుంటే ఘంటసాలగారు పూర్తిచేశారు. ఈ మాత్రం తెలియకుండా జీవిత చరిత్రలు ఎందుకు రాశారు?" అని టీవీని నిలదీశారు. నేను కూర్చుని ఆ నాలుగు పాటలకూ కంపోజర్ పేరు మార్చాను. అప్పుడు బయటపడిన విషయం ఏమిటంటే, ఆ మార్పు పాట ఫైల్‌లో పడలేదు. ఆ సాఫ్ట్‌వేర్ తన లోపలి పుస్తకంలో రాసుకుంది, అంతే. రేపు చందా మానేస్తే మన దిద్దుబాట్లన్నీ వాళ్లతోనే పోతాయి. అద్దె ఇంటికి సున్నం వేయించినట్టు. కొనేముందు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మార్పులు ఫైల్‌లో రాస్తుందా, రాయదా?

ఒకరోజు పాత భక్తి పాట ఒకటి అయిపోగానే, "ఇలాంటివే మరికొన్ని" అంటూ తనంతట తానే బారాత్‌లో కొట్టే తీన్మార్ ఒకటి అందుకుంది. పూజ గదిలోంచి నాన్నగారు పరుగెత్తుకొచ్చారు. ఆ సౌకర్యం ఆపే మీట వెతకడానికి నాకు పదినిమిషాలు పట్టింది.

ఇక కాసెట్ సంగతి. నాన్నగారు మందుల సంచిలో చేతిరుమాలు చుట్టి రెండు కాసెట్లు తెచ్చారు. ఒకదాని మీద బాల్‌పెన్నుతో "భక్తిరంజని - 2, చెరపవద్దు" అని ఉంది. రాసి ఊరుకోలేదు, మళ్లీ ఎవరూ రికార్డు చేయకుండా పైన ఉండే రెండు ప్లాస్టిక్ పలుకులు కూడా విరిచేశారు. విజయవాడ రేడియోలో పొద్దున్నే వచ్చే భక్తిరంజనిని రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టినవి. ఆ స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది. దాని తలుపు సందుల్లోంచి కారిన సంగీతం ఎంత ఉందో, అందులో పదో వంతు కూడా ఈ స్ట్రీమింగ్ సేవల్లో లేదని నా గట్టి నమ్మకం. లెక్క అడగకండి.

పాత సామాన్ల దుకాణంలో పదిహేను డాలర్లకు ఒక కాసెట్ ప్లేయర్ తెచ్చాం. పెడితే దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినిపించింది. టేపు పాడైపోయిందని నేను తేల్చేశాను. నాన్నగారు విద్యుత్ శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషి, అంత సులువుగా దేన్నీ పారేయనివ్వరు. "కళ్లజోళ్లు బిగించే స్క్రూడ్రైవర్ ఉందా?" అన్నారు. ప్లేయర్ మూత తీసి, పాట నడుస్తుండగానే, టేపును తాకే హెడ్ పక్కన ఉన్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పడం మొదలుపెట్టారు. రికార్డు చేసిన యంత్రంలో హెడ్ ఏ కోణంలో ఉందో, వినిపించే యంత్రంలోనూ అదే కోణంలో ఉండాలట. లేకపోతే సన్నని ధ్వనులు ముందు చచ్చిపోతాయి. చెవి దగ్గరగా పెట్టి, పావు వంతు ఇటు, అర వంతు అటు. ఒక్కసారిగా దుప్పటి తీసేసినట్టయింది. "ఆఁ, ఇప్పుడు శ, ష, స మూడూ వేరువేరుగా వినబడుతున్నాయి. ఇక కదిలించకండి" అన్నారు. లక్షలు పోసి కొన్న స్పీకర్ల మధ్య నిలబడి మావారు ఏమీ మాట్లాడలేదు.

మాట్లాడకుండా ఉంటే బాగుండేది, రికార్డింగ్ దగ్గరకు వచ్చేసరికి 192 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో, అంటే సీడీని మించిన నాణ్యతతో రికార్డు చేద్దాం అన్నారు. రేడియో ముందు మైకు పెట్టి పట్టిన కాసెట్! అందులో 12 కిలోహెర్ట్జ్ దాటి ఏదైనా ఉంటే అది బుసే. సీడీ పద్ధతి అయిన 44.1 కిలోహెర్ట్జ్‌లో 22 కిలోహెర్ట్జ్ దాకా ధ్వనులు పడతాయి, ఈ కాసెట్‌కు అదే ఎక్కువ. నాణ్యత తగ్గకుండా దాచే ఫ్లాక్ ఫైల్‌గా పెట్టుకుంటే చాలు. హై-రిజల్యూషన్ అంటూ జరిగే ప్రచారం గురించి ఇంకా చెప్పాలని ఉంది కానీ ఇంట్లో శాంతి కావాలి.

కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాం తెరిచి, తొంభై నిమిషాల కాసెట్ తొంభై నిమిషాలూ ముందు కూర్చుని విన్నాం. రెండో వైపు మధ్యలో, ఒక తత్త్వం సగంలో ఉండగా, మా నానమ్మ గొంతు. "ఏమయ్యా, ఇవి పాలా? నిన్న బావిలో చేద వేసింది నువ్వేనా?" పాలవాడు ఏదో సర్ది చెబుతున్నాడు, గిన్నె చప్పుడు, వెనకాల పాట సాగుతూనే ఉంది. ఆమె పోయి పంతొమ్మిదేళ్లు. మేము ముగ్గురం నవ్వాం, తరవాత నాన్నగారు వెనక్కి తిప్పి ఆ ముక్క మళ్లీ విన్నారు. మూడోసారి కూడా విన్నారు.

ఆ ఫైల్‌ను మన ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, ఈమధ్య ఎవరో చేసిన భక్తి ఆల్బమ్ బొమ్మ, రంగురంగుల దీపాల గుడి ఒకటి దానికి తగిలించింది. కళాకారుడి పేరు దగ్గర "తెలియదు" అని పెట్టింది. అప్పుడు దాన్ని పక్కనపెట్టి, ఆ గడులను (ట్యాగులంటారు) పాట ఫైల్‌లోనే నింపే ఎంపీత్రీట్యాగ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం తెరిచాను. నాన్నగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని చెప్పారు, నేను టైపు చేశాను. అయిదు సాయంత్రాలు పట్టింది. ఇది ఫలానావారి గొంతు, ఈ వీణ ఎవరిదో గుర్తులేదు, ఇది మాత్రం శనివారం రోజున వచ్చింది. తెలుగు లిపిలోనే రాశాను, ఫ్లాక్ ట్యాగుల్లో తెలుగు బాగానే నిలుస్తుంది. నానమ్మ ఉన్న పాట దగ్గర ఆయన ఆగి, "పాడినవాళ్ల పక్కన అమ్మ పేరు కూడా రాయి. ఆవిడా అందులో ఉంది కదా" అన్నారు. రాశాను. పాలవాడి పేరు గుర్తొచ్చి అదీ చెప్పారు. అదీ రాశాను.

మీ ప్రశ్నకు వస్తాను. మీరు ఇండియాలో ఉంటే ఇంకొక చిక్కు ఉంది. ఇలాంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా కలిసేది టైడల్, కోబజ్ సేవలతో, ఆ రెండూ అక్కడ అధికారికంగా లేవు. అంటే సగం డబ్బు లేని సౌకర్యానికి కట్టినట్టే. సొంత పాటలు మాత్రమే అయితే నావిడ్రోమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీద హాయిగా నడుస్తుంది. స్ట్రీమింగ్ కూడా కలిసి కనబడాలంటే మ్యూజిక్ అసిస్టెంట్ చూడండి, అదీ ఉచితమే, స్పాటిఫైతో కూడా కలుస్తుంది. ఒకప్పుడు లాజిటెక్ మీడియా సర్వర్ అన్నది ఇప్పుడు లిరియన్ పేరుతో ఉంది, కాస్త ముసలిదైనా మొండిది. మేము ఇప్పుడు వాడుతున్నది నావిడ్రోమ్. మావారి జాజ్ మావారి ఫోనులో ఉంది.

ఏది ట్రయల్‌కు తీసుకున్నా కార్డు నంబరు ఇచ్చిన రోజే గడువు తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. కాసెట్ల గొడవలో మేము మరచిపోయాం, ఒక నెల డబ్బు కోసేశారు. అడిగితే నిబంధనల్లో ఉందన్నారు.