ఒకే బారుకు గుంటక, గొర్రు, బోదె నాగలి బిగించుకోవచ్చా?

సందేహం: చేవెళ్ల దగ్గర మాకు 6 ఎకరాల ఎర్ర చెల్క ఉంది. పత్తి 90 సెం.మీ., మొక్కజొన్న 60 సెం.మీ. సాళ్లలో వేస్తాం. ట్రాక్టరు 45 హెచ్‌పీ. మూడు పనిముట్లకు మూడు ఫ్రేములు కొనకుండా ఒకే బారు (ట్రాక్టరు వెనక అడ్డంగా ఉండి పనిముట్లు బిగించే ఇనుప పైపు) చేయించి మార్చుకుంటూ వాడాలని ఆలోచన. వెల్డింగ్ షాపతను లారీ కమాను పట్టీలనే దంతెలుగా (నేలను చీల్చే కొమ్ములు) బారుకే వెల్డింగ్‌తో అతికిస్తానంటున్నాడు. బారు ఎంత మందం ఉండాలి?
– ఒక రైతు, రంగారెడ్డి జిల్లా

సలహా: చేయించుకోవచ్చు. అయితే షాపుకు పోయే ముందు టేపు పట్టుకుని ట్రాక్టరు వెనక నిలబడండి. మీది 13.6-28 టైరైతే వెడల్పు సుమారు 34 సెం.మీ. 60 సెం.మీ. సాలులో అది నడిస్తే అటూ ఇటూ మిగిలేది 13 సెం.మీ. మాత్రమే. వెనక చక్రాల ఎడం, మధ్య నుంచి మధ్యకు, 180 సెం.మీ. పెట్టుకుంటే రెండు పత్తి సాళ్లకూ మూడు మొక్కజొన్న సాళ్లకూ అదే సరిపోతుంది. రిమ్ము, డిస్కు తిప్పి బిగిస్తే ఎడం పెరుగుతుంది కానీ, మీ బండిలో 180 దాకా వస్తుందో లేదో మాన్యువల్లో చూడండి. ముందు చక్రాలూ అదే దారిలో నడవాలి. విత్తేటప్పుడు ట్రాక్టరు ఒక్క పోతలో వేసిన సాళ్లనే అంతరకృషిలోనూ (సాళ్ల మధ్య దున్నేటప్పుడు) ఒక్క పోతలో పట్టండి. రెండు పోతల మధ్య సందు ఎప్పుడూ సమంగా రాదు, అక్కడే మొక్కలు తెగుతాయి.

బారుకు 75x75 మి.మీ. చదరపు పైపు, 6 మి.మీ. మందం, 2 మీటర్ల పొడవు చాలు. మీటరుకు 13 కిలోలు తూగుతుంది. అర మీటరు వెనక ఇంకో బారు పెట్టి దంతెలను ముందొకటి వెనకొకటి బిగిస్తే గడ్డి చుట్టుకోదు.

హిచ్ (బారును ట్రాక్టరుకు తగిలించే మూడు చోట్ల అమరిక) కొలతలు ఊహ మీద పోనివ్వకండి. కేటగిరీ 1 అయితే కింది పిన్ను 22 మి.మీ., రెండు చేతుల మధ్య 683 మి.మీ., టాప్ లింకు రంధ్రం 460 మి.మీ. ఎత్తున. కేటగిరీ 2 అయితే 28, 825, 610. మీ లిఫ్టు చేతుల బంతి రంధ్రం కొలిస్తే ఏదో తేలిపోతుంది.

ఇక కమాను పట్టీ సంగతి. పట్టీ మంచిదే, అతికించడమే తప్పు. ఆ ఉక్కులో కార్బన్ ఎక్కువ. ఆర్కు తగిలిన చోటు వెంటనే చల్లారి గాజులా పెళుసు కడుతుంది. ఇలా విరిగిన దంతె ఒకటి మా దగ్గరికి తెచ్చారు. వెల్డు చెక్కుచెదరలేదు. దానికి వేలెడు పక్కన పట్టీ విరిగింది, విరిగిన ముఖం పంచదార పలుకుల్లా మెరుస్తోంది. కాబట్టి బారుకు ముందొకటి వెనకొకటి 12 మి.మీ. ప్లేట్లు వేసి, బారుకు పైనా కిందా పోయే నాలుగు 16 మి.మీ. బోల్టులతో బిగించండి. బోల్టు తల మీద 8.8 అని (గట్టి రకం గుర్తు) ఉండాలి, రాణిగంజ్‌లో దొరుకుతాయి. బారుకు మాత్రం రంధ్రాలు వేయించకండి. అది బలహీనపడటమే కాదు, సాలు దూరం మార్చే వీలూ పోతుంది.

చెల్కలో రాళ్లు తగులుతాయి గదా. ప్రతి దంతెనూ రెండు బోల్టుల మీద నిలపండి: పైది ఇరుసులా 16 మి.మీ., కిందిది 4.6 రకం (మెత్తటిది) 10 మి.మీ. రాయి తగిలితే కిందిది తెగి దంతె వెనక్కి వాలుతుంది, ఫ్యూజు పోయినట్టు. విసుగొచ్చి అక్కడ 8.8 పెట్టేవాళ్లున్నారు. అప్పుడు వంగేది బారే.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఒకప్పుడు ఎడ్లు లాగే చక్రాల టూల్ క్యారియర్‌ను (ఇలాగే పనిముట్లు మార్చి బిగించుకునే బండి) బాగా ప్రచారం చేసింది. పని బాగా చేసేది. ఖరీదు తట్టుకోలేక చాలామంది తీసుకోలేదు, తీసుకున్నవాళ్లలో ఎక్కువమంది బండిగానే వాడుకున్నారు. దంతె తీసి బోదె నాగలి పెట్టడానికి పూట పడితే మీరూ మీ బారును ఒక్క పనికే వాడతారు. అందుకే బోల్టులన్నీ ఒకే 24 నంబరు స్పానరుకు అందేలా చేయించండి (10 మి.మీ. బోల్టుకు వేరే స్పానరు తప్పదు).

మొదటి అరగంట దున్నాక ఆపి బోల్టులన్నీ మళ్లీ బిగించండి. పనిముట్టు మార్చేటప్పుడు బారును నేలకు దించండి, లేదా కింద గట్టి మొద్దులు పెట్టండి. ఇంజను ఆపినా లిఫ్టు మెల్లగా దిగుతుంది, దాని కింద చెయ్యి పెట్టకండి.