చిన్న గదిలో బేస్ మోత: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

అమలాపురం ఇంట్లో నీవు ఏర్పాటు చేసుకున్న రికార్డింగు గదిలో మృదంగం ఎడమవైపు మోత హోరెత్తిస్తోందనీ, అదే మిక్స్‌ను (వాయిద్యాలన్నీ కలిపి సర్దిన రికార్డింగును) కారులో వింటే బేస్, అంటే లోతైన మంద్ర ధ్వని, ఉన్నట్టే లేదనీ రాశావు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు కావు, ఒకటే. వెనుక గోడకు కుర్చీ ఆనించి కూర్చుంటే బేస్ ఉన్నదానికన్నా ఎక్కువ వినిపిస్తుంది. నీవు దాన్ని నమ్మి మిక్స్‌లో తగ్గించేస్తున్నావు.

నీ గది పొడవు 12 అడుగులు, వెడల్పూ ఎత్తూ చెరి 10 అడుగులు. మన ఎండలకు ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది కనుక, లెక్క వేస్తే పొడవు వెంట 48 హెర్ట్జ్ (సెకనుకు 48 కంపనలు) దగ్గరా, వెడల్పు వెంట 57 దగ్గరా అనునాదం వస్తుంది, అంటే ఆ ధ్వని గోడల మధ్య తిరుగుతూ పెద్దదై మోగుతుంది. ఎత్తు కూడా 10 అడుగులే కావడంతో ఆ 57 మీదే మరొకటి వచ్చి పడుతోంది. తాతగారి పెంకుటింట్లో ఈ బాధ ఇంతగా లేదు. పెంకుల సందుల్లోంచి బేస్ బయటికి పోయేది. కాంక్రీటు శ్లాబు దాన్ని పోనివ్వదు.

ఫోన్‌లోంచి కాక స్పీకర్లలోంచే 48 హెర్ట్జ్ టోన్ వేసి, వెనుక గోడ నుంచి గది నడుమకు నడిచి చూడు. గోడ దగ్గర రొమ్ముకు తగిలే ధ్వని, నడుమకు వచ్చేసరికి దాదాపు మాయమవుతుంది. అందువల్ల గోడ దగ్గరా వద్దు, నడుమా వద్దు. ముందు గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర మొదలుపెట్టి, కుర్చీని జానెడు జానెడు జరుపుతూ విను. దీనికి పైసా ఖర్చు లేదు.

గోడలకు అంటించిన రెండంగుళాల ఫోమ్ బేస్‌ను ఏమీ చేయలేదు. 57 హెర్ట్జ్ తరంగం నిడివి 20 అడుగులు; దాన్ని పట్టాలంటే మందం కావాలి, అది కూడా మూలల్లో కావాలి, ఎందుకంటే ఈ అనునాదాలన్నిటికీ ఒత్తిడి గరిష్ఠంగా ఉండేది అక్కడే. ఘనమీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ (రాతి పీచు) పలకలను త్రికోణాలుగా కోసి, మూలకు రెండడుగుల ముఖం వచ్చేలా నేల నుంచి కప్పు దాకా పేర్చు. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. పలచని పాలిథీన్ చుట్టి ఆపైన గుడ్డ కప్పితే పీచు రాలదు, బేస్‌కు అడ్డం కాదు. అడుగున చెక్క దిమ్మ వేసి ఎత్తులో ఉంచు. కోనసీమ వానాకాలంలో నేల చెమర్చడం నీకు తెలిసిందే. చేతికి అందుబాటులో ఉందని కొబ్బరి పీచు వైపు చూడకు: పలచగా వేస్తే బేస్‌ను పట్టదు, తేమకు బూజు పడుతుంది, నిప్పుకు అంటుకుంటుంది.

ఈక్వలైజర్ (ఒక్కో హెర్ట్జ్ దగ్గర ధ్వనిని పెంచే, తగ్గించే సాధనం) చివరి పని. మిగిలిన శిఖరాలను, అంటే ఎక్కువగా మోగే చోట్లను, దానితో కొంచెం తగ్గించవచ్చు గానీ, ధ్వని పడిపోయే గుంటలను పూడ్చబోకు. అక్కడ తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయి, ఎంత పెంచినా స్పీకరే అలిసిపోతుంది. కుర్చీ కుదిరాక, మూలలు నింపక ముందు ఒకసారి, నింపాక ఒకసారి కొలత మైకుతో 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా కొలిచి, రెండు గ్రాఫులూ పంపించు.

నీ మావయ్య