సున్నపురాయిని సగంలో వదలకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. డిగ్రీ పిల్లలకు రసాయన శాస్త్రంతో పాటు సుస్థిరత గురించి, అన్నిటినీ కలిపి ఒక వ్యవస్థగా చూడడం గురించి చెప్పమన్నారని రాశావు. ‘ఉన్న సిలబస్సే పూర్తి కాదు సార్, ఇది ఎక్కడ ఇరికించను?’ అన్నావు. ఇరికించకు. వేరే పాఠంగా పెట్టావంటే అది చివరి వారానికి జారిపోయి, నోట్సు చెప్పి రాయించడంతో ముగుస్తుంది. ఉన్నవాటిలోనే ఒక్క సమీకరణాన్ని పట్టుకుని తీగ లాగు. డొంక అదే కదులుతుంది.

నేనైతే సున్నపురాయిని ఎంచుకుంటాను. కడప పిల్లలకు ఇంట్లో కాళ్ల కింద పరిచిన బండ కూడా అదే. అందులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. వంద కిలోల కాల్షియం కార్బొనేట్ కాలిస్తే 56 కిలోల సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్. ముప్పై ఏళ్లు నేను ఆ వాయువు పక్కన పైకి బాణం గుర్తు గీసి డస్టరు అందుకున్నాను. ఆ బాణం ఎక్కడికి పోతుందని నేనూ అడగలేదు, వాళ్లూ అడగలేదు.

నువ్వు అక్కడ ఆగు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు వాళ్లకు తెలిసినవే. సున్నపురాయిని మట్టితో కలిపి కాలిస్తే వచ్చే గడ్డలే క్లింకరు, దాన్ని పొడి చేస్తేనే సిమెంటు. క్లింకరులో కాల్షియం ఆక్సైడ్ సుమారు 65 శాతమని చెప్పి, కిలో క్లింకరుకు రాయి నుంచే ఎంత వాయువు వస్తుందో లెక్క కట్టమను. అర కిలో దాటుతుంది. కొలిమిలో 1450 డిగ్రీల వేడి పుట్టించడానికి మండే బొగ్గు లెక్క వేరు. బొగ్గు మానేసి సౌర విద్యుత్తు తెచ్చినా ఈ అర కిలో తగ్గదు. అది ఇంధనంలోది కాదు, రాయిలోనే ఉంది. ఈ మాట నువ్వు చెప్పకు, లెక్క చేసిన పిల్లల నోటే రానివ్వు.

తర్వాత ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం దగ్గరికి రా. అక్కడ బొగ్గు కాలగా మిగిలే సన్నటి బూడిదే ఫ్లై యాష్. దాన్ని కలిపి చేసే పోజోలానా సిమెంటులో అది 15 నుంచి 35 శాతం దాకా ఉంటుంది. అంత మేరకు క్లింకరు ఆదా అవుతుంది. ఇప్పుడు అడుగు: ‘థర్మల్ కేంద్రాలన్నీ మూతపడితే సిమెంటు సంగతేమిటి?’ మంచిదే కదా అని వెనక బెంచీ వాళ్లు అంటారు. కాసేపటికి ఎవరో ఒకరు బూడిద దొరక్క క్లింకరు పెరుగుతుందని గుర్తిస్తారు. అప్పటిదాకా నోరు మెదపకుండా ఉండడమే కష్టం. నాకు ఎప్పుడూ చేత కాలేదు.

ప్రయోగానికి ఖర్చు లేదు. పాత ఇల్లు పడగొట్టిన చోట నుంచి కాంక్రీటు ముక్క తెప్పించు. అక్కడికక్కడే పగలగొట్టి, విరిగిన ముఖం మీద, క్షారం తగిలితే గులాబీ రంగుకు తిరిగే ఫినాఫ్తలీన్ చుక్కలు వేయించు. లోపలి భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది, బయటి అంచున రంగు రాదు. ఆ అంచు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి మళ్లీ కార్బొనేట్ అయిపోయింది. పైకి పోయిన బాణం కొంత వెనక్కి వచ్చిందన్నమాట. మురిసిపోయేలోపే రెండో సంగతి చెప్పు: ఆ రంగులేని పొర లోపలి ఇనుప కడ్డీ దాకా చేరితే, క్షారగుణం పోయి కడ్డీకి తుప్పు పడుతుంది. గాలికి మేలు, మిద్దెకు కీడు. ఈ సంబంధాలన్నిటినీ బాణాలతో కలిపి ఒక పటంగా పిల్లల చేత గీయించు.

పర్యావరణం మీద ఉపన్యాసం మాత్రం వద్దు. ఒకసారి నేను ఆవేశపడి మాట్లాడితే ఒక అబ్బాయి లేచి, ‘మరి మా నాన్న గనిలో పని మానేయాలా సార్?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఇంటి జీతం, మన ఇంటి స్లాబు కూడా ఆ పటంలో గీయాల్సినవే.

ల్యాబును కూడా వదలకు. క్రోమియం ఉండే డైక్రోమేట్ ద్రావణంతో టైట్రేషన్ అయ్యాక మిగిలింది సింకులో పారబోయించిన వాణ్ని నేను. ఆ క్రోమియం మురుగుతో కడప ఊళ్లోని బుగ్గవంక వాగులోకి, అక్కడి నుంచి పెన్నాలోకి పోతుందని తెలిసీ చాలా ఏళ్లు పట్టించుకోలేదు. మొదటి రోజే ఆ మిగులు పోయడానికి ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టించు, వాడే ద్రావణాల పరిమాణాలు తగ్గించు.

పరీక్షలో నిర్వచనాలు అడగకు. వాళ్లు గీసిన పటంలో ఒక బాణం చెరిపేసి, ఇంకేమేమి మారతాయో రాయమను. దిద్దడం ఆలస్యమవుతుంది, తప్పదు.

మా పాత పిట్టగోడ పోయిన నెలలో పడగొట్టించాను. కాంక్రీటు పెళ్లలు రెండు గోనెసంచిలో ఉంచాను. ఆదివారం వచ్చి తీసుకుపో.