హోదా తీసేముందు

అమ్మడూ,

వాడుక తప్పిన ఇంగ్లీషు సర్వనామాల మీద వికీపీడియాలో ఉన్న వ్యాసానికి ‘మంచి వ్యాసం’ హోదా (నాణ్యత చూసి అక్కడి సభ్యులు ఇచ్చే గుర్తింపు) ఇంకా తగునో లేదో చూసే పని పెట్టుకున్నావని రాశావు. చాలా సంతోషం. రెండు పేరాలకు మూలాలు లేవని హోదా తీసెయ్యడానికి తొందరపడకు. ముందు ఏమీ దిద్దకుండా మొత్తం చదువు.

అసలు చూడాల్సింది ‘దౌ’ (thou) అనే పాత సర్వనామం గురించి ఏం రాశారన్నది. ప్రార్థనల్లో వినీవినీ అదేదో గౌరవ పదమని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మన ‘నువ్వు’ లాంటిది. మొదట్లో ఒక్కరైతే దౌ, ఎక్కువమందైతే యీ (ye), అంతే. తర్వాత ఫ్రెంచి ప్రభావంతో పెద్దవాళ్లను బహువచనంలో పిలవడం అలవాటై, దౌ చనువుకో చులకనకో మిగిలింది. 1603లో ఇంగ్లండులో వాల్టర్ రాలీ అనే ప్రముఖుడి మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు ప్రభుత్వం తరఫున వాదించిన అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ ఆయన్ని నిండు కోర్టులో కావాలనే దౌ అని తూలనాడాడు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదం కింగ్ జేమ్స్ బైబిల్లో మాత్రం రాజైనా, సేవకుడైనా, దేవుడైనా ఒక్కరైతే దౌయే. అక్కడ మర్యాద లెక్క లేదు. ఈ రెండు వాడుకల్నీ కలగాపులగం చేసి ఉంటే, కింద ఎన్ని మూలాలున్నా నా దృష్టిలో అది మంచి వ్యాసం కాదు.

ఉదాహరణలు ఒక్కొక్కటీ చూడు. ‘దౌ హాత్’ (thou hath) కనిపిస్తే అది తప్పే. హాత్ అనేది have క్రియకు ‘అతను, ఆమె’లతో వచ్చే పాత రూపం, దౌ పక్కన హాస్ట్ (hast) రావాలి. ఇలాంటివి ఎవరో మధ్యలో చేర్చిపోతుంటారు, ఎవరెప్పుడు ఏం మార్చారో చూపే పేజీ చరిత్రలో వెతికితే దొరుకుతాయి.

మూలం ఉన్నచోట కూడా నమ్మి వదిలెయ్యకు. పుస్తకం తెరిచి, ఆ పేజీలో ఆ మాట ఉందో లేదో చూడు. విసుగు పుట్టే పనే, కానీ మదింపంటే ముఖ్యంగా ఇదే.

వ్యాసం గురించి మాట్లాడుకునే చర్చా పేజీలో ‘మూలాలు చాలవు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకమ్మా. ఏ పేరాలో, ఏ వాక్యంలో, ఏం లోపమో రాయి. వ్యాసం మీద కష్టపడ్డవాళ్లకు కబురు పెట్టి, దిద్దుకునే టైమివ్వు. నీ చేతనైనవి నువ్వే దిద్దు. వాళ్లు సరిచేస్తే హోదా ఉండనీ.

దౌ పూర్తిగా పోయిందని రాసి ఉంటే అదీ అడుగు. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ లాంటి చోట్ల మాండలికంలో అది నిలిచే ఉంది. ఆ పేరాకి లీడ్స్ విశ్వవిద్యాలయం 1950లలో చేయించిన ఇంగ్లీషు మాండలికాల సర్వే పనికొస్తుంది. లైబ్రరీలో అడిగి చూడు, దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న