హేగియా సోఫియాలో ఏ ఫోటో తీయాలి?

ప్రశ్న: వచ్చే నెల మా అబ్బాయి నన్ను ఇస్తాంబుల్ తీసుకెళ్తున్నాడు. హేగియా సోఫియా మొదట చర్చి, తర్వాత మసీదు అని చదివాను. తిరుమల గుడిలోకి కెమెరా రానివ్వరు కదా, అక్కడ తీస్తే తప్పుగా అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. రెండు మతాల గుర్తులూ ఒకే ఫోటోలో వస్తాయా? - ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నిశ్చింతగా తీయండమ్మా. 2024 జనవరి నుంచి విదేశీ సందర్శకులను టికెట్ మీద పై గ్యాలరీకే పంపుతున్నారు, కింద నమాజు జరుగుతుంది. తలకు చున్నీ కప్పుకోండి, ఫ్లాష్ ఆపేయండి, ప్రార్థనలో ఉన్నవాళ్ళ ముఖాల మీదికి మాత్రం జూమ్ చేయొద్దు.

లోపలికి వెళ్ళగానే అందరి చూపూ గుమ్మటం మీదికే పోతుంది. 537లో పూర్తయిన కట్టడం, దాదాపు 55 మీటర్ల ఎత్తు, గుమ్మటం అడుగున చుట్టూ 40 కిటికీలు, మరి పోదా! అదీ తీసుకోండి. కానీ మీరడిగిన ఫోటో అక్కడ లేదు, ఎదుటి గోడ దగ్గరుంది. 1453లో మసీదుగా మార్చినప్పుడు మక్కా దిక్కు చర్చి ముఖం ఉన్న దిక్కుకు సరిగ్గా కలవలేదు, అందుకని నమాజు దిక్కు చూపే మిహ్రాబ్ గూడును నడిమధ్యన కాకుండా కాస్త కుడివైపు పెట్టారు. ప్రధాన ద్వారం పైనున్న గ్యాలరీ మధ్యలో నిలబడితే ఆ జరుగుడు మీకే కనిపిస్తుంది. దాని పైన 867 నాటి మేరీమాత, బాలయేసు మొజాయిక్ (చిన్న చిన్న రంగు ముక్కలు అతికి చేసిన బొమ్మ), పక్కల ఏడున్నర మీటర్ల వెడల్పున్న అరబిక్ అక్షరాల పలకలు. మొజాయిక్‌కు తెర అడ్డుంటే పక్క గ్యాలరీలోకి నడిచి కోణం మార్చి చూడండి. నన్నడిగితే ఆ కట్టడం కథంతా పక్కకు జరిగిన ఆ గూడులోనే ఉంది.

ప్రయాణానికి ముందు ఒకసారి చంద్రగిరి వెళ్ళి రండి. రాజమహల్‌కు కమానులు ముస్లిం కట్టడాల తీరు, పైన శిఖరాలు మన గుడుల తీరు, అంతకంటే మంచి సాధన ఎక్కడ దొరుకుతుంది? ఫోన్‌ను పైకి వంచితే గోడలు వెనక్కి వాలినట్టు వస్తాయి, వంచకుండా పచ్చికలో వెనక్కి నడుస్తూ కమాను, శిఖరం రెండూ పట్టేదాకా చూడండి. ఇస్తాంబుల్‌లో మీరు గ్యాలరీ ఎత్తులోనే ఉంటారు కాబట్టి వంచాల్సిన పని తక్కువే, స్క్రీన్ మీద కిటికీ దగ్గర వేలు పెట్టి వెలుతురు తగ్గించి నొక్కండి.